సంఘర్షణ చూసిన సమాజాల్లో యువత చేతికి మైకు ఇస్తే నిజంగా ఏం మారుతుంది?

పరిశోధక విద్యార్థిని (ప్రశ్న):

నమస్కారం. సాయుధ సంఘర్షణలు చూసిన సమాజాల్లో ప్రసార మాధ్యమాల పాత్ర మీద పరిశోధన చేస్తున్నాను. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015 డిసెంబరు 9న 2250వ తీర్మానాన్ని ఆమోదించినప్పటి నుంచి, శాంతి స్థాపన గురించి వెలువడే ప్రతి పత్రంలోనూ యువత ప్రస్తావన తప్పనిసరి అయింది. 18 నుంచి 29 ఏళ్ల వయసు వారిని యువతగా పరిగణించిన ఆ తీర్మానం, వారికి నిర్ణయాల్లో చోటు ఇవ్వాలనీ, రక్షణ కల్పించాలనీ, ఆయుధాలు వదిలి వచ్చినవారిని సమాజం తిరిగి అక్కున చేర్చుకునేలా చూడాలనీ సభ్యదేశాలను కోరింది. అంతవరకు పేచీ ఏమీ లేదు. చిక్కంతా ఆ తర్వాత వచ్చే మీడియా అధ్యాయంతోనే.

ఆ అధ్యాయాలు ఎవరు రాసినా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. యువతకు శిక్షణ ఇవ్వాలి, శాంతి సందేశాలు ప్రసారం చేయాలి, విద్వేష ప్రచారాన్ని తిప్పికొట్టాలి అని ఉంటుంది తప్ప, అలా చేస్తే మనుషుల్లో ఏది మారుతుందో, ఏది మారదో ఎవరూ చెప్పరు. సొంత అన్నను పోగొట్టుకున్న యువకుడు ఒక నాటకం విని అవతలి వర్గాన్ని క్షమిస్తాడా? క్షమించకపోతే ఆ నాటకం దండగ అనుకోవాలా? ఇంకొక సందేహం కూడా ఉంది. యువత కోసం కార్యక్రమాలు తయారుచేయడం వేరు, యువతే వాటిని తయారుచేయడం వేరు. రెండోది మేలని మనసు చెబుతోంది కానీ, గొంతు విప్పినవారికి తుపాకీ ఎదురయ్యే చోట ఆ భారాన్ని ఇరవై ఏళ్ల పిల్లల మీద మోపడం న్యాయమేనా అన్న భయమూ వెంటాడుతోంది. ఈ రంగాన్ని దగ్గరగా గమనించినవారు, ఎక్కడ ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఉదాహరణలతో వివరిస్తే కృతజ్ఞురాలిని.

అలల శ్రోత:

మీ మొదటి ప్రశ్నకు రువాండాలో జరిగిన ఒక ప్రయోగం దాదాపు సూటిగా జవాబు చెబుతుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. 1993 జూలైలో ప్రసారాలు ప్రారంభించిన ఆర్‌టీఎల్‌ఎం అనే ప్రైవేటు రేడియో, 1994 ఏప్రిల్ నుంచి జూలై వరకు సాగిన జాతి నిర్మూలనలో మైనారిటీ వర్గమైన టుట్సీలను చంపమని, మెజారిటీ వర్గమైన హుటూ శ్రోతలను బహిరంగంగా ఉసిగొల్పింది. కొందరి పేర్లు, వారు దాక్కున్న చోట్లు కూడా గాలిలోకి వదిలింది. దాని స్థాపకుల్లో ఇద్దరినీ, ఒక పత్రికా సంపాదకుణ్ణీ రువాండా కోసం ఏర్పడిన అంతర్జాతీయ న్యాయస్థానం 2003 డిసెంబరులో దోషులుగా తేల్చింది. అంటే రేడియో పేరు చెబితేనే గాయం గుర్తొచ్చే దేశం అది. అలాంటి చోట 2004లో ‘ముసెకెవేయా’ అనే రేడియో ధారావాహిక మొదలైంది.

అందులో బుమంజి, ముహుమురో అని రెండు కల్పిత గ్రామాలు. భూమి చాలదు, కరువు వస్తుంది, ఒక ఊరికి మేలు జరిగి మరొక ఊరికి అన్యాయం జరిగిందన్న అక్కసు పెరుగుతుంది, ఒక నాయకుడు దాన్ని ఎగదోస్తాడు, దాడి జరుగుతుంది. హుటూ, టుట్సీ అన్న మాటలు ఎక్కడా వినిపించవు, అయినా వినేవారికి సంగతి అర్థం కాకుండా ఉండదు. రెచ్చగొట్టే నాయకుడి చెల్లెలే అవతలి ఊరి యువకుణ్ణి ప్రేమిస్తుంది, రెండు ఊళ్ల యువకులూ పెద్దల మాట కాదని ఒక్కటవుతారు.

ఎలిజబెత్ లెవీ పాలక్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని సముదాయాలకు ఈ నాటకాన్నీ, మరికొన్నింటికి ఆరోగ్యం గురించిన వేరొక నాటకాన్నీ చీటీలు తీసిన పద్ధతిలో కేటాయించి, ఏడాదిపాటు గుంపులుగా కూర్చోబెట్టి వినిపించారు. 2009లో ప్రచురితమైన ఆ ఫలితాలు మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతాయి. శ్రోతల సొంత విశ్వాసాలు పెద్దగా కదలలేదు. కదిలినదల్లా, తమ చుట్టూ ఉన్నవారు ఏది సబబు అనుకుంటున్నారో అన్న అంచనా. వర్గాంతర వివాహాన్ని అడ్డుకోనక్కరలేదనీ, నచ్చని మాట విన్నప్పుడు ఊరుకోకుండా అభ్యంతరం చెప్పవచ్చనీ, ఇతరులను నమ్మడం అమాయకత్వం కాదనీ చెప్పినవారు సయోధ్య నాటకం విన్న గుంపుల్లోనే ఎక్కువ. ప్రయోగం ముగిశాక ప్రతి సముదాయానికీ ఒక క్యాసెట్ ప్లేయరు, నాటకం టేపులు కానుకగా ఇచ్చారు. ఆరోగ్య నాటకం విన్నవారు అలవాటు ప్రకారం వాటిని స్థానిక పెద్ద చేతిలో పెట్టేయాలన్నారు. సయోధ్య నాటకం విన్నచోట ఎవరో ఒకరు లేచి అలా ఎందుకని అడగడం, మిగిలినవారు వాదించుకోవడం, చివరికి అందరూ కలిసి చూసుకుందామనుకోవడం కనిపించింది. పెద్దల ఆజ్ఞకు తల ఊపిన అలవాటే ఊళ్లను హత్యలకు నడిపించిన సమాజంలో ఇది చిన్న మార్పు కాదని నా అభిప్రాయం.

కాబట్టి ఆ యువకుడు క్షమిస్తాడా అన్న చోట ఆగిపోకండి. అతని స్నేహితులు ప్రతీకారానికి పిలిచినప్పుడు, రానని చెప్పడానికి వీలున్న వాతావరణం ఉందా అని చూడండి. మీడియా చేయగలిగినది ఎక్కువగా అక్కడే ఉంది.

అయితే ఈ కథకు ఒక చేదు అనుబంధం ఉంది. అదే పరిశోధకురాలు పొరుగున ఉన్న కాంగోలో మరొక ప్రయోగం చేశారు. సయోధ్య నాటకం తర్వాత, శ్రోతలను చర్చకు ప్రోత్సహించే ముచ్చట్ల కార్యక్రమాన్ని కొన్ని ప్రాంతాల్లో జోడించారు. ఆ ప్రాంతాల్లో జనం ఎక్కువగానే మాట్లాడుకున్నారు, కానీ పాత కోపతాపాలనే తిరగతోడుకున్నారు. తమకు గిట్టని వర్గాలకు సాయం చేయడానికి ఇతర ప్రాంతాల వారికంటే తక్కువ సుముఖత చూపారు. 2010లో వచ్చిన ఆ పత్రం చదివాక, సంభాషణ జరిగితే చాలు శాంతి దానంతట అదే వస్తుందనే మాటను నేను నమ్మడం మానేశాను.

పాత విలేకరి:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, ఒక కొరత చూపాలనుకుంటున్నాను. నాటకాల మీద ప్రయోగాలు చేయడం సులువు కనుక పరిశోధన అంతా నాటకాల చుట్టూ తిరుగుతోంది. కానీ భయంలో ఉన్న మనిషికి మొదట కావలసింది ఈ దారిన వెళ్లవచ్చా, రాత్రి వినిపించిన పేలుడు ఎక్కడ, మావాళ్లు బతికే ఉన్నారా అన్న వార్త. ఆ వార్త నమ్మదగినదిగా ఉంటే, అదే స్టేషను చెప్పే మిగతా మాటలు కూడా వింటారు. లేకపోతే ఎంత మంచి నాటకమైనా గాలికి పోతుంది.

ఈ సంగతికి రువాండా పొరుగు దేశమైన బురుండీ మంచి సాక్ష్యం. అంతర్యుద్ధం నడుస్తుండగానే 1995లో స్టూడియో ఇజాంబో అనే రేడియో నిర్మాణ సంస్థ అక్కడ మొదలైంది. హుటూ, టుట్సీ పాత్రికేయులను జంటలుగా పంపి వార్తలు సేకరించడం దాని పద్ధతి. ఇందులో ఆదర్శం కంటే అవసరమే ఎక్కువ ఉందని నేను అనుకుంటాను. ఎందుకంటే ఒక వర్గం విలేకరి అడుగుపెట్టలేని పేటలోకి రెండోవాడు వెళ్లగలడు, ఒకడికి చెప్పని మాట రెండోవాడికి చెబుతారు, తిరిగివచ్చాక ఇద్దరూ ఒకే కథనానికి ఒప్పుకుంటేనే అది ప్రసారమవుతుంది. మరణాల సంఖ్య దగ్గరా, దాడి చేసినవారిని ఏమని పిలవాలన్న దగ్గరా ఇద్దరూ తగువులాడుకోక తప్పదు. ఆ తగువు గదిలోనే తేలిపోవడం వల్ల వీధిలోకి వెళ్లే వార్తలో విషం తగ్గుతుంది.

అక్కడ పనిచేసిన అలెక్సిస్ సిందుహిజే తర్వాత 2001లో రేడియో పబ్లిక్ ఆఫ్రికేన్ స్థాపించి, రెండు పక్షాల మాజీ యోధులను ఉద్యోగాల్లోకి తీసుకున్నాడు. యువత సాధికారత అని మనం పెద్ద మాటల్లో చెప్పుకునేదానికి ఇంతకంటే నికరమైన రూపం నాకు తెలియదు. నిన్నటిదాకా తుపాకీ వల్ల గుర్తింపు పొందిన కుర్రవాడికి జీతం, వృత్తి, ఊళ్లో పేరు దొరికాయి. తర్వాతి ఎన్నికలప్పుడు, 2005లో, బురుండీ రేడియోలు పోటీ పక్కనపెట్టి ఉమ్మడిగా విలేకరులను పంపి ఒకే ప్రసారాన్ని వినిపించాయి. ఏ ఒక్క స్టేషనునూ వేరుచేసి లొంగదీసుకునే వీలు లేకుండా పోవడం అందులోని కిటుకు. 

అంత జరిగినా, 2015 మేలో సైనిక తిరుగుబాటు ప్రయత్నం విఫలమైనప్పుడు ఆ దేశంలోని స్వతంత్ర రేడియోలు దాడులకు గురై మూతపడ్డాయి. రేడియో పబ్లిక్ ఆఫ్రికేన్ భవనం తగలబడింది, ఎందరో పాత్రికేయులు దేశం విడిచి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల కృషి వృథా అయిందని కొందరంటారు. నేను అలా అనను. ఆ స్టేషన్లకు విశ్వసనీయత లేకపోతే వాటిని తగలబెట్టే పని ఎవరూ పెట్టుకోరు. కానీ మీ భయం సహేతుకమే. కాంగోలో ఐక్యరాజ్యసమితి మిషన్ అండతో 2002 నుంచి నడుస్తున్న రేడియో ఓకాపీ అంతటి సంస్థ కూడా 2007లో ఒకరు, 2008లో మరొకరు చొప్పున ఇద్దరు పాత్రికేయులను హత్యల్లో కోల్పోయింది. అంత పెద్ద గొడుగు కింద ఉన్నవారికే రక్షణ లేనప్పుడు, శిక్షణ ముగియగానే ధ్రువపత్రం ఇచ్చి ఇంటికి పంపేసిన కుర్రవాడికి దిక్కెవరు?

సందేహి:

అందరూ మంచి ఉదాహరణలే ఇస్తున్నారు కనుక వ్యతిరేక పక్షాన ఒకరైనా మాట్లాడటం అవసరం అనిపించింది.

ఆర్‌టీఎల్‌ఎం గురించి చెప్పినప్పుడు రేడియో తలచుకుంటే ఊళ్లకు ఊళ్లను హంతకులుగా మార్చగలదన్న భావన చదివేవారికి కలుగుతుంది. ఆ లెక్క మీదే, అదే రేడియోతో మంచివాళ్లుగానూ మార్చవచ్చు కదా అని నిధులు ఇచ్చే సంస్థలు ఆశపడతాయి. కానీ ఆర్‌టీఎల్‌ఎం ప్రభావం ఎంత అన్నదే వివాదం. ప్రసారం అందిన గ్రామాలనూ అందని గ్రామాలనూ పోల్చి, 2014లో ఒక ఆర్థికవేత్త వేసిన అంచనా ప్రకారం హింసలో సుమారు 10 శాతాన్ని మాత్రమే ఆ రేడియోకు ఆపాదించవచ్చు. స్కాట్ స్ట్రాస్ వంటి పరిశోధకులు స్థానిక అధికారులూ సాయుధ మూకలూ ఇంటింటికీ తిరిగి మనుషులను బలవంతంగా కూడగట్టడమే ముఖ్య కారణమని వాదించారు. చెడు చేయడంలోనే మాధ్యమానికి ఇన్ని పరిమితులు ఉంటే, మంచి చేయడంలో అంతకు మించిన శక్తి దానికి ఎక్కడి నుంచి వస్తుంది?

బోస్నియా సంగతి కూడా గుర్తుచేయాలి. యుద్ధం ముగిశాక 1996లో అంతర్జాతీయ సంస్థలు భారీగా నిధులు పోసి, బోస్నియాక్, సెర్బ్, క్రొయేట్ అనే మూడు వర్గాల్లో దేనికీ చెందని ఉమ్మడి టెలివిజన్ నెట్‌వర్కు ఒకటి మొదలుపెట్టాయి. జనం దాన్ని తమదిగా అనుకోలేదు. అప్పటి అంతర్జాతీయ ప్రతినిధి కార్ల్ బిల్ట్ పేరు తగిలించి వెటకారం చేశారు. ఎవరి పక్షమూ కాని గొంతు ఎవరికీ అక్కరలేని గొంతు అయిపోయింది.

యువత విషయానికి వస్తే, ఆ మాటను వాడే తీరు మీదే నాకు అభ్యంతరం. 2250వ తీర్మానం కోరిన స్వతంత్ర అధ్యయనం 2018లో వెలువడింది. సంఘర్షణ ప్రాంతాల్లోని యువకుల్లో అత్యధికులు హింసకు దూరంగా ఉంటారనీ, అయినా యువజనాభా పెరిగితే హింస పెరుగుతుందన్న భయంతో ప్రభుత్వాలు వారిని ప్రమాదంగానే చూస్తున్నాయనీ, నిర్ణయాల నుంచి వారిని వెలివేయడం కూడా హింసేననీ అది చెప్పింది. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మీడియా పథకాలు యువకుణ్ణి రేపో మాపో తీవ్రవాది అయ్యే అవకాశం ఉన్నవాడిగానే లెక్కగట్టి, అతనికి సహనం బోధిస్తున్నాయి. పోలీసు చేతిలో దెబ్బలు తిన్నవాడికీ, పరీక్షలు పాసైనా తన ఇంటిపేరు చూసి ఉద్యోగం ఇవ్వనివాడికీ సహనం గురించిన లఘుచిత్రం చూపించడం అవమానించడమే. అతను మైకు పట్టుకుంటే మొదట మాట్లాడేది ఆ పోలీసు గురించి, ఆ ఉద్యోగం గురించి. ఆ మాటను ప్రసారం చేసే ధైర్యం లేని పథకానికి సాధికారత అన్న పేరు ఎందుకు పెట్టాలో నాకు తెలియదు.

పరిశోధక విద్యార్థిని:

ముగ్గురికీ ధన్యవాదాలు. సందేహి గారూ, మీరు చివర అన్న మాట నా పత్రంలోని ఒక అధ్యాయాన్ని తిరగరాయిస్తుందని అనుకుంటున్నాను. అయితే ఒకటి అడగాలి. మీరు చెప్పినట్టు ఫిర్యాదులకు చోటిస్తే, అలల శ్రోత గారు చెప్పిన కాంగో ఫలితం పునరావృతం కాదా? కోపాన్ని దాచమనడం అన్యాయం, కోపాన్ని అలాగే ప్రసారం చేయడం ప్రమాదం. ఈ రెండింటి మధ్య దారి ఎవరైనా కనుక్కున్నారా? అలాగే ఇప్పటివరకు చెప్పినవన్నీ రేడియో ఉదాహరణలే. ఇప్పుడు వదంతి ఫోను నుంచి ఫోనుకు నిమిషాల్లో పాకుతోంది కదా.

వీధి తెర:

మధ్య దారి గురించి అడిగారు కాబట్టి కొలంబియాలోని మోంటెస్ దె మరియా గురించి చెబుతాను. గెరిల్లాలు, వారికి వ్యతిరేకంగా ఏర్పడిన పారామిలిటరీలనే ప్రైవేటు సాయుధ దళాలు, సైన్యం మధ్య నలిగిన కొండ ప్రాంతం అది. అక్కడి ఎల్ కార్మెన్ దె బొలీవర్ అనే పట్టణంలో 1994లో కొందరు స్థానిక పాత్రికేయులు, ఉపాధ్యాయులు కలిసి ఒక సమాచార బృందం ఏర్పాటు చేసి, పిల్లలకూ యువకులకూ రేడియో, వీడియో నేర్పడం మొదలుపెట్టారు. 2000 నాటికి పరిస్థితి ఎంత దిగజారిందంటే, ఆ ఏడాది ఫిబ్రవరిలో సమీపంలోని ఎల్ సలాదో గ్రామంలో పారామిలిటరీలు సామూహిక హత్యాకాండ జరిపారు. చీకటి పడితే జనం తలుపులు వేసుకుని కూర్చునేవారు. 

ఆ రోజుల్లో ఈ బృందం చేసిన పని, వీధిలో తెర కట్టి రాత్రిపూట సినిమాలు ప్రదర్శించడం. శాంతి గురించిన సినిమాలే కానక్కరలేదు. సినిమా చూడటానికి కుర్చీలు మోసుకుని వచ్చిన జనం, సాయుధ దళాలు తమ నుంచి లాక్కున్న కూడలిని ఆ రెండు గంటలపాటు తిరిగి తమది చేసుకున్నారు. పక్కింటివాళ్లు కూడా వచ్చారు, తామొక్కరే భయపడటం లేదని తెలిసింది, మరుసటి ప్రదర్శనకు ఇంకొందరు వచ్చారు. అలల శ్రోత గారు చెప్పిన ఫలితమే ఇక్కడ సందేశం ఏదీ లేకుండా సాధ్యమైందని గమనించండి. 2003లో ఈ బృందానికి కొలంబియా జాతీయ శాంతి బహుమతి లభించింది.

మీ ప్రశ్నకు జవాబు ఆ తర్వాతి పనిలో ఉంది. అక్కడి యువకులు ఫిర్యాదును నినాదంగా కాక కథనంగా చెప్పడం నేర్చుకున్నారు. పోగొట్టుకున్నవారి గురించి, విడిచివచ్చిన పొలాల గురించి పెద్దలను అడిగి రికార్డు చేశారు. ముచ్చట్ల కార్యక్రమంలో ఫోను చేసి మూడు నిమిషాలు కోపం వెళ్లగక్కడానికీ, అదే కోపానికి కారణమైన సంఘటనను నెలలపాటు ఆరా తీసి, తేదీలు సరిచూసి, ఎవరి మాటను ఎక్కడ ఉంచాలో ఎడిటింగ్ బల్ల ముందు కూర్చుని తేల్చుకోవడానికీ చాలా తేడా ఉంది. రెండో పనిలో కోపం పోదు, కానీ దానికి ఆధారాలు, క్రమం, వినేవారి పట్ల బాధ్యత ఏర్పడతాయి. ఆ జ్ఞాపకాలతో రూపొందిన సంచార ప్రదర్శనశాల 2019లో ఊరూరా తిరగడం మొదలుపెట్టింది. పావు శతాబ్దం పట్టిందన్నమాట. పథకాల గడువు చూస్తే మాత్రం సాధారణంగా పద్దెనిమిది నెలలు ఉంటుంది.

చేతిఫోను:

వదంతుల గురించి క్లుప్తంగా చెబుతాను. 2012, 2013 సంవత్సరాల్లో కెన్యాలోని తానా డెల్టాలో ఓర్మా పశుపోషకులకూ పొకొమో రైతులకూ మధ్య జరిగిన దాడుల్లో వందమందికి పైగా చనిపోయారు. అవతలివారు దాడికి సిద్ధమవుతున్నారట అన్న పుకార్లు అందులో పెద్ద పాత్ర వహించాయి. ఆ తర్వాత అక్కడ ‘ఉనా హకికా’ అనే సేవ మొదలైంది. ఎవరైనా ఒక పుకారు వింటే సాధారణ ఫోను నుంచి ఉచితంగా సందేశం పంపవచ్చు. గ్రామాల్లో ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు, స్థానికంగా విషయం తెలిసినవారు దాన్ని సరిచూస్తారు. తేలిన నిజాన్ని ఆ ప్రాంతం వారికే తిరిగి పంపుతారు. ఇందులో నాకు నచ్చినది, పుకారు పంపినవాణ్ణి నేరస్థుడిగా చూడకపోవడం. భయపడినవాడు అడుగుతాడు, ఎవరో ఒకరు కనుక్కుని చెబుతారు. నమ్మకం కుదిరాక మనుషులు పుకారును ముందుకు పంపేముందు ఇక్కడ అడగడం అలవాటు చేసుకుంటారు.

పెద్ద సామాజిక మాధ్యమాల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మయన్మార్‌లో రోహింగ్యాల మీద విద్వేషం ఫేస్‌బుక్‌లో పొంగిపొర్లుతున్న కాలంలో, 2015 ఆరంభం నాటికి, ఫిర్యాదులను పరిశీలించే సిబ్బందిలో బర్మీస్ తెలిసినవారు ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ బయటపెట్టింది. హింసను ప్రేరేపించడానికి తమ వేదిక వాడుకలోకి రాకుండా చేయవలసినంత చేయలేదని ఆ సంస్థే 2018లో ఒప్పుకుంది. చిన్న భాషల వారు ఎవరి కాపలా వారే కాసుకోవాలి. ఆ పని చేయగలిగేది ఆ భాషలోని యాసనూ వెటకారాన్నీ కొత్త తిట్లనూ ఎరిగిన యువకులే. దీన్ని ఉద్యోగంగా గుర్తించి జీతం ఇవ్వకుండా, స్వచ్ఛంద సేవ పేరుతో వారి చేత రోజంతా విషం చదివించడం సరికాదు.

ఫోనులే లేని చోట్ల కూడా దారులున్నాయి. దక్షిణ సూడాన్‌లో 2013 చివర యుద్ధం మొదలై వేలమంది ఐక్యరాజ్యసమితి శిబిరాల్లో తలదాచుకున్నప్పుడు, శిబిరవాసులే కార్యక్రమాలు రికార్డు చేసి, స్పీకర్లు కట్టిన చిన్న మోటారు బండి మీద శిబిరమంతా తిరిగి వినిపించారు. ప్రసారానికి లైసెన్సు, టవరు, స్టూడియో ఏవీ అక్కరలేకపోయాయి.

అలల శ్రోత:

వీధి తెర గారు చెప్పినదాన్ని కాంగో ఫలితంతో కలిపి చూస్తే ఒక తేడా స్పష్టమవుతుంది. కాంగో కార్యక్రమంలో చర్చించమని ప్రోత్సహించారు కానీ, ఆ చర్చకు నడిపేవారు లేరు, ఇళ్లలోనూ వీధుల్లోనూ సాధారణంగా ఒకే వర్గం వారు కలిసి వింటారు. బురుండీలో తగువు జరిగినది రెండు వర్గాల మధ్య, ఒకే బల్ల దగ్గర, ఒక గడువులోగా తేలవలసిన పని మీద. అందుచేత మీ పత్రంలో ఏ కార్యక్రమం ప్రసారం కావాలన్నదానికంటే, దాన్ని తయారుచేసే గదిలో ఎవరెవరు కూర్చుంటారు, భిన్నాభిప్రాయం వచ్చినప్పుడు నిర్ణయం ఎవరిది అన్న విషయానికే ఎక్కువ చోటు ఇవ్వమని నా సూచన. సియెర్రా లియోన్‌లో యుద్ధం ముగింపు దశలో మొదలైన ‘గోల్డెన్ కిడ్స్ న్యూస్’లో పిల్లలే విలేకరులుగా పనిచేసి, బాల సైనికులుగా ఉన్నవారి సమస్యలను కూడా చర్చకు తెచ్చారు. అక్కడ సైతం పెద్దల సంపాదక పర్యవేక్షణ ఉంది. పర్యవేక్షణకూ పెత్తనానికీ మధ్య గీత ఎక్కడ ఉండాలో ముందే రాతపూర్వకంగా పెట్టుకోవడం మంచిది.

మార్పును కొలిచే ప్రశ్నావళి తయారుచేసేటప్పుడు, అవతలి వర్గం గురించి మీరేమనుకుంటున్నారు అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. వచ్చినవారు ఏ జవాబు కోరుకుంటున్నారో యువకులకు ఇట్టే తెలిసిపోతుంది. మీ వయసువారు మీ వీధిలో ఏమనుకుంటారు, మీరు అభ్యంతరం చెబితే ఎవరైనా తోడు నిలుస్తారా అని కూడా అడగండి. వీలైతే, నిజమైన ఒక చిన్న నిర్ణయాన్ని వారి చేతికిచ్చి, అందరూ కలిసి దాన్ని ఎలా తేల్చుకుంటారో గమనించండి.

పాత విలేకరి:

రక్షణ గురించిన మీ ప్రశ్న మిగిలిపోయింది కనుక రెండు ముక్కలు. ఏ వార్త కింద ఎవరి పేరు వేయాలో, ఎవరి ముఖం చూపాలో ఆ యువకులే నిర్ణయించాలి. ఒకసారి ఒప్పుకున్నవారు తర్వాత కాదంటే రికార్డింగును తొలగించే హక్కు వారికి ఉండాలి. ఎందుకంటే ఈ రోజు సురక్షితంగా ఉన్న మాట రేపు ప్రభుత్వం మారితే నేరమవుతుంది. ప్రమాదకరమైన కథనాన్ని ఒక్క యువ బృందం భుజాన వేయకుండా, బురుండీ రేడియోల మాదిరిగా పలు సంస్థలు ఒకే రోజు కలిసి వెలువరించేలా ఏర్పాటు చేసుకోవచ్చు. కొన్ని కథనాలను మానుకోవడం కూడా సంపాదకుడి పనే. ఆ మాట శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పరు.

సందేహి:

పాత విలేకరి గారి మాటకు ఒక్క చేర్పు. నిధులు ఆగిపోయే రోజు ఎప్పుడో అందరికీ ముందే తెలుసు, దాని గురించి ఎవరూ ఏమీ రాయరు. స్టూడియో పరికరాలు ఎవరి పేరున ఉంటాయి, రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయి, బెదిరింపు వచ్చిన విలేకరిని కొంతకాలం వేరే ఊరికి తరలించడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి మీ ప్రతిపాదనలో మొదటి ఏడాది పద్దులోనే కనిపించాలి. ఆ పద్దును తయారుచేసేటప్పుడు మైకు పట్టుకోబోయే యువకులను కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టండి, అంకెలు చూసి వారు అడిగే ప్రశ్నలు మా అందరి ప్రశ్నలకంటే పదునుగా ఉంటాయి.